విదేశీ సర్కారు మీద ఆర్బిట్రేషన్ అవార్డు చేతికొచ్చింది, పైసలు ఎక్కడి నుంచి వసూలు చేయాలి?

గద్వాల సీడ్ పత్తి:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. విషయం మా మేనమామది. అయిజ, గద్వాల వైపు సీడ్ పత్తి ఆర్గనైజర్‌గా చాలా ఏళ్ళు చేశాడు. క్రాసింగ్ పనికి కూలీలు దొరక్క, కంపెనీలు పేమెంట్లు వెనక్కి జరుపుతూ పోతుంటే విసిగిపోయి, ఇంకో ఇద్దరితో కలిసి తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి పోయాడు. దేశం పేరు రాయను, వ్యవహారం ఇంకా తెగలేదు. అక్కడి సర్కారు దగ్గర భూమి లీజుకు తీసుకొని విత్తనాల ప్లాంటు, గోదాము కట్టారు. ఆడిటర్ చెప్పాడని డబ్బంతా మారిషస్‌లో ఒక కంపెనీ పెట్టి దాని ద్వారా పంపించారు. కొన్నేళ్ళకు అక్కడ ప్రభుత్వం మారింది. లీజు రద్దని గేటుకు ఒక కాగితం అంటించి, ప్లాంటుకు తాళం వేసి, మా వాళ్ళను వారంలో ఖాళీ చేయమన్నారు. నష్టపరిహారం సంగతి అడిగితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

తర్వాత ఆ మారిషస్ కంపెనీ పేరు మీద, ఆ రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడి ఒప్పందం కింద ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందుకు, పోయారు. ఖర్చు లండన్ ఫండింగ్ కంపెనీ ఒకటి పెట్టుకుంది, గెలిస్తే పెద్ద వాటా వాళ్ళది. కేసు నడిచింది సింగపూర్ సీటుగా (అంటే రద్దు అడగాలంటే అక్కడి కోర్టుకే పోవాలి), ఉన్సిట్రాల్ అనే ఐక్యరాజ్యసమితి సంస్థ రూల్స్ కింద అట, అదేందో నాకు సగమే అర్థమైంది. మొత్తానికి గెలిచాం, ఆ సర్కారు డబ్బు కట్టాలని మధ్యవర్తులు తీర్పు ఇచ్చారు, దాన్నే అవార్డు అంటారట. కోటి డాలర్లకు కొంచెం తక్కువ, వడ్డీ వేరే. అవార్డు వచ్చి చాలా నెలలైంది, అటు నుంచి ఒక్క డాలర్ రాలేదు, ఉత్తరం కూడా లేదు.

మామకు కోర్టు వసూలు అంటే తెలిసింది ఒకటే. కాలువ కింద పోయిన భూమికి పరిహారం పెంచుతూ ఒకప్పుడు కోర్టు డిక్రీ ఇచ్చింది, ఆఫీసు వాళ్ళు కట్టలేదు, వకీలు ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేశాడు. ఒకరోజు పొద్దున్నే జప్తు చేసే కోర్టు ఉద్యోగి అమీనా వచ్చి ఆ సర్కారు ఆఫీసులో కుర్చీలు, కంప్యూటర్లు, బీరువాలు వరండాలో పెట్టించి ఒక్కొక్కటి లెక్క రాసుకున్నాడు, జీపు తాళాలు తీసుకున్నాడు. ఆఫీసరు నిలబడే ఫోన్లు మాట్లాడాడు, కూర్చుందామంటే కుర్చీ లేదు. చెక్కు తొందరగానే వచ్చింది. ఇప్పుడు కూడా మామది అదే పట్టు. "ఢిల్లీలో వాళ్ళ ఎంబసీ ఉంది కదా, మహబూబ్‌నగర్ కోర్టులో ఈపీ వేసి దాన్ని జప్తు చేయిద్దాం, వాళ్ళ విమానం ముంబైకి వస్తుంది కదా, దాన్ని ఆపుదాం" అంటాడు. ఫండింగ్ కంపెనీ ఏమో మీ వాటా మొత్తం మాకే అమ్మండి, రూపాయికి ముప్పై పైసలు ఇస్తాం అంటుంది. భాగస్తుల్లో ఒకాయన అమ్మేద్దాం అంటున్నాడు. ఇంట్లో రోజూ టెన్షనే. నిజంగా వసూలు అయ్యే దారి ఉందా, లేక ముప్పై పైసలు తీసుకొని దండం పెట్టాలా?

పాలమూరు వకీలు:

తమ్ముడూ, ముందు మీ మామకు చెప్పు, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టులో ఈ ఈపీ నంబరు కూడా కాదు. విదేశంలో ఇచ్చిన అవార్డును ఇక్కడ అమలు చేయాలంటే 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం కింద నేరుగా హైకోర్టుకు పోవాలి, అదీ ఆస్తి ఏ హైకోర్టు పరిధిలో ఉంటే అక్కడికి. ఎంబసీ ఢిల్లీలో ఉంటే ఢిల్లీ. గడువు మూడేళ్ళు, 2020లో వేదాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు చిక్కు గడువు కాదు. ఆ రెండో భాగం న్యూయార్క్ కన్వెన్షన్ మీద నిలబడింది, విదేశీ అవార్డులను అమలు చేస్తామని దేశాలు 1958లో రాసుకున్న ఒప్పందం అది. దాంట్లో చేరేటప్పుడే మన దేశం ఒక షరతు పెట్టుకుంది, మా చట్టం ప్రకారం వాణిజ్య సంబంధం అనిపించుకున్న తగాదాల అవార్డులే అమలు చేస్తాం అని. చట్టంలో 44వ సెక్షన్‌లో ఆ మాట అట్లాగే ఉంది. మీది భూమి లీజు, ప్లాంటు, వ్యాపారం, ఇంతకంటే వాణిజ్యం ఏముంటుంది అనుకుంటారు. కానీ 2018లో వొడాఫోన్ కేసులో, 2019లో ఖైతాన్ హోల్డింగ్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఏమందంటే, దేశాల మధ్య పెట్టుబడి ఒప్పందం కింద నడిచే ఆర్బిట్రేషన్ మామూలు వాణిజ్య ఆర్బిట్రేషన్ కాదు, దాని మూలం ప్రభుత్వాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న హామీలు, కాబట్టి ఈ చట్టం దానికి వర్తించదు అని. ఆ రెండు కేసుల్లో అడిగింది ఆర్బిట్రేషన్ ఆపమని, అవార్డు అమలు గురించి కాదు, అది నిజమే. కానీ అవతలి వకీలు మొదటి వాయిదాలోనే ఆ రెండు తీర్పులు తీసి బల్ల మీద పెడతాడు. పోనీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద పోదామంటే అక్కడ ఆర్బిట్రేషన్ అవార్డులు రావని వివరణలోనే రాసి ఉంది. ఇక్సిడ్ అని వరల్డ్ బ్యాంకు గొడుగు కింద ఇంకో పద్ధతి ఉంది, 150కి పైగా దేశాలు సభ్యులు. దాంట్లో అవార్డు వస్తే సభ్య దేశాల కోర్టులు దాన్ని తమ సొంత తుది తీర్పులాగా గుర్తించాలి. మన దేశం అందులో చేరనే లేదు. మీది ఎట్లాగూ ఇక్సిడ్ అవార్డు కాదు. మారిషస్ సభ్యదేశమే, ఆ ఆఫ్రికా దేశం కూడా అయ్యుండొచ్చు, కేసు వేసేటప్పుడు ఇక్సిడ్ ఎందుకు ఎంచుకోలేదో మీ లాయర్లను ఒకసారి అడుగు, ఇప్పుడు లాభం లేకపోయినా.

ఇక ఎంబసీ. 1961 వియన్నా కన్వెన్షన్ 22వ ఆర్టికల్ ప్రకారం ఎంబసీ భవనం, అందులో సామాను, వాళ్ళ వాహనాలు జప్తుకు దొరకవు. కుర్చీలు వరండాలో పెట్టించే అమీనా ఆ గేటు లోపలికి అడుగే పెట్టలేడు. ఎంబసీ ఖర్చులకు వాడే బ్యాంకు ఖాతా జోలికి కూడా దాదాపు ఏ దేశపు కోర్టూ పోదు. ఒక్క మంచి మాట: విదేశీ ప్రభుత్వం ఆస్తి మీద డిక్రీ అమలు చేయాలంటే అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ కింద కేంద్రం అనుమతి కావాలి కదా, ఆ అనుమతి ఆర్బిట్రేషన్ అవార్డులకు అక్కర్లేదని 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఢిల్లీలో అఫ్గానిస్తాన్ ఎంబసీ భవనం మరమ్మతు చేసిన కాంట్రాక్టర్ కేసు అది. వ్యాపారం చేసుకోవడానికి ఒప్పందం రాసుకొని, బాకీ దగ్గరికి వచ్చేసరికి నేను సార్వభౌమ రాజ్యాన్ని అంటే కుదరదు అని జడ్జి గట్టిగానే రాశారు. కానీ అది నేరుగా కుదుర్చుకున్న కాంట్రాక్టు, మీది ట్రీటీ, అంటే దేశాల మధ్య ఒప్పందం. మళ్ళీ మొదటికే వచ్చాం.

నా మాట అడిగితే ఇండియాలో పైసా ఖర్చు పెట్టొద్దు.

నల్గొండ టు లండన్:

వకీలు గారు చెప్పింది కరెక్ట్. నేను లండన్‌లో వసూళ్ళ పనే చేసే ఆఫీసులో ఉంటాను, మాది నకిరేకల్ దగ్గర. కొంచెం వివరంగా రాస్తాను.

మీ మామ అనుకుంటున్నట్టు ఇది ఒకే మెట్టు కాదు. అవార్డును కోర్టు గుర్తించడం ఒకటి, ఆస్తి మీద చెయ్యి వేయడం ఇంకొకటి. మొదటిది ఈ మధ్య సులువవుతోంది. 2023 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు స్పెయిన్ కేసులో, 2024 అక్టోబర్‌లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు స్పెయిన్, జింబాబ్వే కేసుల్లో, ఇక్సిడ్ అవార్డు నమోదు చేసుకునే దశలో మాకు రక్షణ ఉందని ఆ దేశం అడ్డుపడలేదు అన్నాయి. కానీ రెండో మెట్టు దగ్గర ఇక్సిడ్ కన్వెన్షన్ కూడా చేతులెత్తేసింది, 55వ ఆర్టికల్‌లో ఆస్తి జప్తు విషయంలో ప్రతి దేశం తన ఇమ్యూనిటీ చట్టాన్నే (విదేశీ ప్రభుత్వాలకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చే చట్టం) పాటించుకోవచ్చని రాసి పెట్టారు. అంటే నువ్వు ఏ ఆస్తి వెంట పడుతున్నావు, అది ఏ దేశంలో ఉంది, అక్కడి కోర్టు దేన్ని వ్యాపార ఆస్తి అంటుంది, అంతా వీటి మీదే. అవార్డు ఎంత బలంగా రాశారన్నది దాని తర్వాతి సంగతి.

ఓపిక అంటే ఎట్లుంటుందో చూడు. ఫ్రాంజ్ సెడెల్‌మాయర్ అని ఒక జర్మన్ వ్యాపారి, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పోలీసులకు శిక్షణ ఇచ్చే వ్యాపారం పెట్టాడు, భవనం లాక్కున్నారు, 1998లో స్టాక్‌హోమ్‌లో రష్యా మీద 23.5 లక్షల డాలర్ల అవార్డు వచ్చింది. రష్యా కట్టలేదు. ఆయన ఏళ్ళ తరబడి జర్మనీలో, స్వీడన్‌లో కేసు మీద కేసు వేసుకుంటూ తిరిగాడు. చివరికి పట్టు దొరికింది కొలోన్‌లో అద్దెలు వచ్చే ఒక రష్యా భవనం దగ్గర, స్టాక్‌హోమ్ పక్కన లిడింగోలో ఇంకో భవనం దగ్గర. ఆ రెండోది దౌత్య పనులకు వాడుతున్నాం అని రష్యా వాదిస్తే, ఎక్కువ భాగం వాడకం అధికారిక పనులకు కాదని 2011లో స్వీడన్ సుప్రీంకోర్టు జప్తుకు ఒప్పుకుంది. గమనించు, అవార్డు వచ్చిన 13 ఏళ్ళకు. ఆయనకు ఇంకో పనేమీ లేనట్టు దీని మీదే పడ్డాడు కాబట్టి అయింది.

విమానం సంగతి కూడా జరిగింది. 2011 జులైలో మ్యూనిక్ విమానాశ్రయంలో థాయ్‌లాండ్ యువరాజు వాడే బోయింగ్ 737ని వాల్టర్ బావ్ అనే జర్మన్ కంపెనీ తరఫున సీలు వేశారు. బ్యాంకాక్‌లో టోల్ రోడ్డు తగాదా మీద వచ్చిన అవార్డు బాకీ. అది సర్కారుది కాదు, యువరాజు సొంతం అని వాదించారు, అయినా గ్యారంటీ పెట్టాకే అది ఎగిరింది. కానీ మీ దేశం విమానాలు నడిపేది ఒక కంపెనీ కదా, దాని ఆస్తి వేరు, ప్రభుత్వ ఆస్తి వేరు అనేదే కోర్టులు మొదట పట్టుకునే సూత్రం. అమెరికాలో అయితే 1983 నుంచి అదే నియమం, రెండూ ఒకటేనని నిరూపించే బరువు నీ మీద. పాకిస్తాన్ మీద రెకో డిక్ గని కేసులో 580 కోట్ల డాలర్ల అవార్డు వచ్చాక అక్కడి సర్కారు విమాన సంస్థ పీఐఏకు చెందిన న్యూయార్క్ రూజ్‌వెల్ట్ హోటల్, పారిస్ స్క్రిబ్ హోటల్ మీద బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ కోర్టులో ఉత్తర్వులు తెచ్చారు. 2021 మేలో అదే కోర్టు వాటిని ఎత్తేసింది. చివరికి 2022లో బేరం కుదిరి గని మళ్ళీ మొదలుపెట్టే ఒప్పందం చేసుకున్నారు. విమానం కోసం నువ్వు లాయర్లకు పెట్టే ఖర్చుతో ఇక్కడ గద్వాలలో ఇంకో ప్లాంటు పెట్టొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి అడుగుతాను. సింగపూర్ సీటు అన్నావు. అవార్డు చేతికి అందిన మూడు నెలల్లో ఆ ప్రభుత్వం సింగపూర్ హైకోర్టులో రద్దు పిటిషన్ వేసిందా? వేసి ఉంటే లెక్కంతా మారిపోతుంది. లెసోతో మీద ఒక అవార్డును సింగపూర్ కోర్టులు రద్దు చేశాయి, 2018లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. వేయకపోతే మీ అవార్డుకు ఆ గండం తప్పినట్టే.

మూసీ ఒడ్డు:

అందరూ వసూలు ఎట్లా అనే రాస్తున్నారు. నేను కొంచెం అడ్డంగా మాట్లాడతా, ఏమనుకోకండి.

ఇదే పని మన మీద చేస్తే మనకెట్లుండేది? 2021లో కెయిర్న్ అనే బ్రిటిష్ ఆయిల్ కంపెనీ మన దేశం మీద 120 కోట్ల డాలర్ల అవార్డు పట్టుకొని న్యూయార్క్‌లో ఎయిరిండియా మీద కేసు వేసింది, పారిస్‌లో మన ప్రభుత్వ ఫ్లాట్లు, భవనాలు ఓ ఇరవై దాకా కోర్టుతో స్తంభింపజేయించింది. అప్పుడు ఇక్కడ టీవీల ముందు కూర్చొని వీళ్ళ పొగరేంది అని తిట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం. ఆ ఆఫ్రికా దేశంలో కూడా ఎవడో ఒకడు ఇప్పుడు మీ మామ గురించి అట్లాగే అనుకుంటుంటాడు. వాళ్ళ భూమి, వాళ్ళ ఎన్నికలు. లీజు ఎవరి ఊరు ఖాళీ చేయించి ఇచ్చారో మనకు తెలుసా?

ఇంకోటి. అవార్డు వచ్చింది కాబట్టి న్యాయం కూడా అటే ఉందని అనుకోవద్దు. నైజీరియా మీద పీ అండ్ ఐడీ అనే కంపెనీకి వచ్చిన అవార్డు వడ్డీతో 1,100 కోట్ల డాలర్ల దాకా పాకింది. 2023 అక్టోబర్‌లో లండన్ కోర్టు తవ్వి చూస్తే లంచాలు ఇచ్చి, నైజీరియా రహస్య కాగితాలు సంపాదించి నడిపిన కేసని తేలింది, మొత్తం కొట్టేశారు. మన దేవాస్ కూడా అంతే, ఇస్రో వాణిజ్య సంస్థ యాంట్రిక్స్‌తో శాటిలైట్ ఒప్పందం చేసుకున్న కంపెనీ అది, 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కంపెనీ పుట్టుకే మోసం అని రాసింది. అయినా బయటి కోర్టుల్లో మన దేశం వెంట పడుతూనే ఉన్నారు, కెనడాలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి రావాల్సిన డబ్బు మీద కూడా పడ్డారు. విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ తవ్వొద్దని గిరిజనులు ఎన్నేళ్ళు కొట్లాడారో అందరికీ తెలుసు, ఖనిజం ఇవ్వలేదని యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ ఇండియా మీద ఆర్బిట్రేషన్‌కు పోయింది. ప్రజలు వద్దన్నదానికి ప్రజల డబ్బే కట్టాలంటే ఎట్లా?

నల్గొండ టు లండన్:

మూసీ ఒడ్డు అన్నా, నైజీరియా విషయంలో మీతో గొడవే లేదు, అది మోసమే, దాన్ని పట్టుకున్నది కూడా కోర్టే. కెయిర్న్ మాత్రం వేరు. 2012లో చట్టం మార్చి 2006 నాటి లావాదేవీకి పన్ను వేసి, కంపెనీ షేర్లు అమ్ముకొని, డివిడెండ్లు పట్టుకొని, మళ్ళీ అవార్డు వచ్చాక ఇది పన్ను విషయం, ఆర్బిట్రేషన్‌కు రాదు అన్నాం. పారిస్ భవనాల వార్త జులైలో వచ్చింది, ఆగస్టులో పార్లమెంటులో ఆ పన్నే వెనక్కి తీసుకుంటూ చట్టం చేశారు. ఆ రెండింటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాను. కేసులన్నీ వాపసు తీసుకొని, వడ్డీ వదులుకుంటేనే అసలు ఇస్తామన్నారు, కెయిర్న్ 2022లో దాదాపు 7,900 కోట్లు తీసుకొని బయటపడింది. మీ మామ ఇది గుర్తుపెట్టుకోవాలి: 120 కోట్ల డాలర్లు, పెద్ద లాయర్లు అన్నీ ఉన్న కంపెనీ కూడా వడ్డీ వదులుకుంది.

అసలు తమాషా ఇక్కడ ఉంది. ఇన్నేళ్ళుగా బాకీదారుగా మన ప్రభుత్వం బయటి కోర్టుల్లో గెలుచుకున్న వాదనలు ఇప్పుడు మన పెట్టుబడిదారుల మీదికే తిరిగొస్తున్నాయి. దేవాస్ వాటాదారులు ఆస్ట్రేలియాలో అమలుకు పోతే, మేం వాణిజ్య షరతుతో న్యూయార్క్ కన్వెన్షన్‌లో చేరాం, ట్రీటీ అవార్డు విషయంలో మా ఇమ్యూనిటీ వదులుకోలేదు అని ఇండియా వాదించింది, 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో లండన్ కమర్షియల్ కోర్టు కూడా కన్వెన్షన్‌లో చేరడం ఒక్కటే ఇమ్యూనిటీ వదులుకున్నట్టు కాదంది. ఇప్పుడు మీ ఆఫ్రికా దేశం కూడా అట్లాంటి షరతు పెట్టి ఉంటే వాళ్ళ లాయర్లు మన దేశం గెలిచిన తీర్పులే చదివి వినిపిస్తారు. అమెరికాలో గాలి ఇంకోవైపు వీచింది. 2025 జూన్‌లో అదే దేవాస్ తగాదాలో అక్కడి సుప్రీంకోర్టు, విదేశీ ప్రభుత్వానికీ అమెరికాకూ మధ్య వేరే సంబంధం ఏదీ చూపించనక్కర్లేదు, చట్టంలో చెప్పిన మినహాయింపు వర్తించి, నోటీసు సరిగ్గా అందితే చాలు, కోర్టు పరిధి ఉన్నట్టే అని ఏకగ్రీవంగా తేల్చింది. అక్కడ ఆస్తి లేకపోయినా ఒక లాభం ఉంది: తీర్పు వచ్చాక ఆ ప్రభుత్వం ఆస్తులు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో బ్యాంకుల నుంచి వివరాలు రాబట్టుకోవచ్చు, 2014లో అర్జెంటీనా కేసులో అదే కోర్టు దీన్ని ఒప్పుకుంది. బ్యాంకుల రికార్డులు చూస్తే డబ్బు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతుందో తెలుస్తుంది.

దేవరకొండ 508:

నాకు లా తెలియదు కానీ ఒకటి అడుగుతా. ముప్పై పైసలు ఇస్తామన్న కంపెనీ పిచ్చిది కాదు కదా. వాళ్ళకు ఏదో ఆస్తి కనపడే ఉంటుంది. లేకుంటే ఎందుకు కొంటారు?

పాలమూరు వకీలు:

దేవరకొండ అన్న పాయింటు చిన్నది కాదు. తమ్ముడూ, అమ్ముతావా లేదా అనేదానికంటే ముందు వాళ్ళు తయారు చేయించిన ఆస్తుల రిపోర్టు అడుగు. ఫండింగ్ కంపెనీ అంటే ఇట్లాంటి రిపోర్టు చేయించకుండా రేటు చెప్పదు. మీ మారిషస్ కంపెనీతో వాళ్ళు రాసుకున్న ఒప్పందంలో సమాచారం మీకు చూపించాలనే క్లాజు ఉందేమో చూడు, సాధారణంగా ఉంటుంది.

ఇంకో మాట, మూసీ ఒడ్డు గారి కోసం కూడా. మన కోర్టులు అవార్డు అమలును ఏళ్ళ తరబడి నాన్చితే అదే ఇంకో కేసు అవుతుంది. వైట్ ఇండస్ట్రీస్ అని ఆస్ట్రేలియా కంపెనీ, కోల్ ఇండియాతో పిపర్వార్ గని కాంట్రాక్టు. 2002లో వాళ్ళకు అవార్డు వచ్చింది. అవార్డు రద్దు కేసు కలకత్తాలో, అమలు కేసు ఢిల్లీలో, ఆ తర్వాత సుప్రీంకోర్టు, తొమ్మిదేళ్ళైనా తెగలేదు. చివరికి 2011లో ఆ ఆలస్యమే పెట్టుబడి ఒప్పందాన్ని ఉల్లంఘించడమని ఇంకో ట్రిబ్యునల్ ఇండియా చేత డబ్బు కట్టించింది. తర్వాత మన వాళ్ళు 2016లో కొత్త నమూనా ఒప్పందం రాసుకొని, ముందు ఇక్కడి కోర్టుల్లో ఐదేళ్ళు తిరిగి రండి అన్నారు, పాత ఒప్పందాలు చాలావరకు రద్దు చేశారు. విదేశీ కంపెనీల భయంతో చేసిన పని. మీ మామలాగ బయటికి పోయి పెట్టుబడి పెట్టే తెలుగోళ్ళ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. మీ ఆడిటర్ మారిషస్ అన్నది టాక్స్ కోసమే అయ్యుంటుంది, కానీ దానివల్లే మీకు కేసు వేసే దారి దొరికింది.

గద్వాల సీడ్ పత్తి:

అందరికీ చాలా థాంక్స్. మామకు చదివి వినిపించాను, ఎంబసీ మాట మానేశాడు, విమానం మాత్రం ఇంకా మానలేదు.

లాయర్‌ను అడిగాను. సింగపూర్‌లో రద్దు పిటిషన్ ఏదీ వేయలేదట, మూడు నెలలు దాటి చాలా రోజులైంది. ఆస్తుల రిపోర్టు అడిగితే ఫండింగ్ వాళ్ళు మొదట నీళ్ళు నమిలారు, తర్వాత రెండు పేజీలు పంపారు. దాంట్లో మూడు ఉన్నాయి. ఒకటి, ఆ దేశం మీదుగా పోయే విమానాలు కట్టే ఫీజులు, అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ద్వారా వసూలై పోతాయట. రెండు, లండన్‌లో ప్రభుత్వం పేరు మీదే ఒక నాలుగంతస్తుల భవనం, ఎంబసీ కాదు, ఎంబసీ వేరే చోట ఉంది. కింద ఒక రెస్టారెంట్, పై అంతస్తుల్లో ఆ దేశానికి వీసా దరఖాస్తులు తీసుకునే ప్రైవేటు కంపెనీ, రెండూ అద్దెకే. మూడు, కాఫీ ఎగుమతి చేసే సర్కారు బోర్డుకు యూరప్‌లో రావాల్సిన బాకీలు. ఏది ముందు పట్టుకోవాలి? భాగస్తుడు ఇప్పటికీ అమ్మేద్దామనే అంటున్నాడు.

నల్గొండ టు లండన్:

రద్దు పిటిషన్ లేదా? అయితే ముప్పై పైసలకు అమ్మకండి. కనీసం ఇప్పుడే కాదు.

కాఫీ బోర్డు చివర్లో పెట్టుకో, అది వేరే సంస్థ అంటారు, మళ్ళీ పీఐఏ కథే. విమానాల ఫీజుల మీద దేవాస్ వాళ్ళు కెనడాలో పోయినట్టు పోవచ్చు, కానీ ఆ డబ్బు ప్రభుత్వానిదా, విమానాశ్రయాల సంస్థదా అనే తగాదా అక్కడా ఉంటుంది.

భవనం దగ్గర నిలబడండి. ఇంగ్లండ్‌లో 1978 ఇమ్యూనిటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం వ్యాపార పనికి వాడుతున్న ఆస్తి మీదికి పోవచ్చు. అద్దెకిచ్చారు కాబట్టి మొత్తం వ్యాపారమే అనుకోవద్దు. నైజీరియాకు లండన్‌లో సరిగ్గా ఇట్లాంటి భవనమే ఉండేది, వీసా దరఖాస్తులు చూసే ప్రైవేటు కంపెనీకి అద్దెకిచ్చారు. 2016లో కోర్టు ఏమందంటే, అద్దె వస్తుందా అని కాదు, ఆ చోట జరిగే పని ఏంటని చూడాలి, వీసా, పాస్‌పోర్టు పని కాన్సులేటు పని, కాబట్టి అది వ్యాపార ఆస్తి కాదు. మీ పై అంతస్తులు ఆ తీర్పు కింద పోయినట్టే లెక్క. కింద రెస్టారెంట్ మాత్రం ఎవరెంత తిప్పి చెప్పినా రెస్టారెంటే. మొత్తం భవనాన్ని ఒకటిగా చూడాలా, అంతస్తుల వారీగా విడదీయాలా అనే దగ్గర అసలు కొట్లాట ఉంటుంది. కాబట్టి రెస్టారెంట్‌కు వేరే లీజు ఉందా, వేరే టైటిల్ ఉందా అనేది ముందు తేల్చుకోవాలి. రాయబారి ఒక సర్టిఫికెట్ ఇస్తాడు, ఇది వ్యాపారానికి వాడటం లేదని. చట్టం ప్రకారం దాన్ని తప్పని చూపించే బాధ్యత మీది. అందుకే ఇప్పటి నుంచే సాక్ష్యాలు పోగేసుకోండి: మెనూ, బోర్డు, బిల్లు, అద్దె రసీదు దొరికితే అదీ.

పాలమూరు వకీలు:

నేను కలిపేది రెండు ముక్కలు. ఇంగ్లండ్ కోర్టులో అదే 1978 చట్టం 9వ సెక్షన్ కింద, ఆ ప్రభుత్వం రాతపూర్వకంగా ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకుందని చూపించాలి. అందుకని పెట్టుబడి ఒప్పందం సర్టిఫైడ్ కాపీ, మీ కంపెనీ పంపిన మొదటి నోటీసు, మారిషస్ కంపెనీ అప్పటికి నిజంగా నడుస్తోందని చూపించే బోర్డు మినిట్స్, ఇవన్నీ ఒక దగ్గర పెట్టించు. మారిషస్ కంపెనీ ఏటా కట్టే ఫీజు కట్టారో లేదో కూడా చూడు, అది రిజిస్టర్‌లో కొట్టేసి ఉంటే కేసు వేసేవాడే ఉండడు.

అమ్మాలనే భాగస్తుడికి ఒక మధ్యేమార్గం చెప్పు, ఆయన వాటా ఒక్కటే అమ్ముకోనీ, లేదా ముప్పై పైసలు ఇప్పుడు, వసూలైతే ఇంకో ఇరవై అని రాయించుకోనీ. ఫండింగ్ కంపెనీలు అట్లా ఒప్పుకోవడం ఉంది.

నల్గొండ టు లండన్:

లండన్ భవనం టైటిల్ రిజిస్టర్ కొన్ని పౌండ్లు కడితే ఎవరికైనా ఆన్‌లైన్‌లో ఇస్తారు, లాయర్ అక్కర్లేదు, ఇవాళే తెప్పించుకో. వచ్చాక అడ్రసు, టైటిల్ నంబరు ఇక్కడ మాత్రం పెట్టకు, నాకు మెసేజ్ చేయి. అవతలి వాళ్ళు రెస్టారెంట్‌ను ఖాళీ చేయించి ఆ అంతస్తును కూడా వీసా ఆఫీసు చేసేశారంటే మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.